నెల్లూరు పాత పుస్తకాల షాపు: మతాల మీద చదివేవాళ్లు తప్పకుండా వెళ్లండి

ట్రంక్ రోడ్డు పక్క సందులో ఉందీ షాపు. మతాల గురించి ఇన్ని పుస్తకాలు మన ఊళ్లో నేనింకెక్కడా చూడలేదు, పైగా ఖురాన్, బైబిల్, భగవద్గీత, జైన గ్రంథాలు అన్నీ ఒకే అరలో పెట్టారు, దాని ముందు నిలబడితేనే అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఒకదానితో ఒకటి పొసగని ఇన్ని మాటల్లో ఏది నిజం? వేర్వేరు మతాల అద్భుతాలు ఒకదాని సాక్ష్యాన్ని ఇంకోటి కొట్టేస్తాయని స్కాటిష్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లోనే రాశాడు. ఇరవయ్యో శతాబ్దపు తత్వవేత్త జాన్ హిక్ దారి వేరు, పరమసత్యం ఒకటే, ఒక్కో సంస్కృతి దాన్ని ఒక్కోలా అనుభవిస్తుందంటాడు. నాకు హిక్కే నచ్చుతాడు గానీ ఒక సందేహం తీరట్లేదు. సృష్టికర్త ఉన్నాడనే మాటని జైనులు, బౌద్ధులు ఒప్పుకోరు, మరి అన్నీ ఒకటే అనేస్తే వాళ్ల మాట విన్నట్టా, పక్కన పెట్టినట్టా? స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో అన్ని మతాలవాళ్లూ రొట్టెలు మార్చుకుంటారు, అది కలిసి బతకడం, నాకు చాలా ఇష్టం కూడా, కానీ సిద్ధాంతాలు కలవడం వేరే సంగతి.

షాపాయన ఎంతసేపు నిలబడి చదివినా ఏమీ అనడు. ఈ విషయం మీద తెలుగు పుస్తకాలు మాత్రం తక్కువ. లోపల ఉక్కపోత, సాయంత్రం వెళ్లడం మేలు.