ప్లేటు వేశామన్నారు, ఎక్స్‌రేలో ప్లేటే లేదు. కుక్కకి మోకాలి ఆపరేషన్ చేయించేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఇంటికొచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇవాళే రాస్తున్నాను, ఎందుకంటే రేపు ఇంకెవరైనా వెళ్లి అక్కడ అడ్వాన్సు కట్టేస్తారేమోనని భయం. బెంగళూరులో ఐటీ కంపెనీల వైపు కుక్కలు పెంచే తెలుగువాళ్లకి ఆ క్లినిక్ ఏదో చెప్పక్కర్లేదు, 'మన తెలుగు డాక్టరే' అని ఒకరికొకరం చెప్పుకుని వెళ్లేదే.

మా బంతి లాబ్రడార్, ఆరేళ్లు, 34 కిలోలు. మెట్లు దిగుతూ కుయ్యిమని అరిచి వెనక ఎడమ కాలు ఎత్తేసింది. మోకాల్లో ఎముకల్ని కలిపి పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంటు తెగిందన్నారు. ఇంత బరువున్న కుక్కకి మోకాలి పక్కన నైలాన్ దారంతో బిగిస్తే నిలవదు, టీపీఎల్‌ఓ చెయ్యాలి, అంటే మోకాలి కింది ఎముక పైభాగాన్ని కోసి, కాస్త తిప్పి, వాలు తగ్గించి ప్లేటు, స్క్రూలతో బిగించాలి అని ఆ డాక్టరే కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. మొత్తం 1,20,000, అందులో ప్లేటు, స్క్రూలకే 38,000. పాడుకున్న చీటీ డబ్బంతా తెచ్చి కట్టాను.

ఆపరేషన్ అయ్యాక మేం చెయ్యనిది లేదు. జారకుండా ఇల్లంతా దుప్పట్లు, చాపలు పరిచాం, కడుపు కింద తువ్వాలు వేసి పట్టుకుని బయటికి తీసుకెళ్లాం, పూటకి అయిదు నిమిషాలకి మించి నడిపించలేదు. ఆరో వారంలో బంతి మళ్లీ కాలు ఎత్తేసింది. 'మీరు ఫిజియో సరిగా చేయించలేదు' అని నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్ పది సెషన్లు అంటగట్టారు, అదీ ముందే డబ్బు కట్టించుకుని. ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రే ఇవ్వమని మూడుసార్లు అడిగాను. 'సిస్టమ్‌లో ఉంది మేడమ్, వాట్సాప్ చేస్తాం' అన్నారు, రాలేదు.

నాలుగు సెషన్లకే తగ్గకపోగా ఇంకా కుంటుతుంటే ఈ ఉదయం హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, 'ఏ ఆపరేషన్ అన్నారు?' అని రెండోసారి అడిగారు. చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా స్క్రీను నా వైపు తిప్పారు. ప్లేటు లేదు. స్క్రూ ఒక్కటీ లేదు. ఎముక కోసిన గుర్తే లేదు. మోకాలి పక్కన బియ్యపు గింజంత లోహపు గొట్టాలు రెండు, అంతే. నైలాన్ దారం ముడి జారకుండా నొక్కే గొట్టాలట అవి, దారం ఎక్స్‌రేలో కనపడదు. ఆ దారం సాగిపోయింది, మోకాలు వదులైపోయింది, లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మినిస్కస్ కూడా చిరిగి ఉండొచ్చు అన్నారు.

అటునుంచి అటే ఆ క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు ముందు 'టేబుల్ మీద చూశాక ప్లేటు అవసరం లేదనిపించింది' అన్నాడు. మరి మాకెందుకు చెప్పలేదు, ప్లేటుకి డబ్బెందుకు తీసుకున్నారు అంటే, హాల్లో పదిమంది వింటుండగా, 'చూడమ్మా, లోపల ఏముందో నీకెందుకు, కుక్క నడుస్తోందా లేదా?' అన్నాడు. అప్పుడు బంతి గుమ్మం దగ్గర ఆ కాలి వేళ్లు నేలకి ఆనీ ఆనకుండా పెట్టుకుని, ఆయన్ని చూసి తోక ఊపుతోంది. నాకు నోట మాట రాలేదు. ఏడుపొచ్చేసింది.

తప్పు నాది కూడా. టీపీఎల్‌ఓకి కోత మామూలుగా కాలి లోపలి వైపు ఉంటుందట, బంతికి కుట్లు బయటి వైపు. పద్నాలుగు రోజులు నా చేత్తోనే ఆ కుట్లు తుడిచాను. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. తెలుగులో ఆప్యాయంగా మాట్లాడాడని నమ్మేశాను.

దారం పద్ధతి చెడ్డదని అనడం లేదు, చిన్న కుక్కలకి అది బాగానే పనిచేస్తుందని హెబ్బాళలో కూడా చెప్పారు. చేసేది ఒకటి, చెప్పేది ఇంకొకటి, డబ్బు ఇంకోదానికి, అదీ నా బాధ.

మీరు వెళ్తే ఆపరేషన్ పేరు కాగితం మీద రాయించుకోండి. కుక్కని ఇంటికి తెచ్చే రోజే రెండు వైపుల ఎక్స్‌రే చేతిలో పడేదాకా మిగతా డబ్బు కట్టకండి. ప్లేటు ప్యాకెట్ మీది స్టిక్కరు అడగండి. ఫిజియో సెషన్లకి మాత్రం ఒకేసారి కట్టకండి, మావి ఇంకా ఆరు మిగిలి ఉన్నాయి, రిఫండ్ లేదని బోర్డు చూపించి పంపేశారు.