స్టార్మ్ కింగ్ వెళ్తున్నారా? ఆ రోజు ఇంకేం పెట్టుకోకండి

స్టార్మ్ కింగ్ ఆర్ట్ సెంటర్ అంటే న్యూయార్క్ రాష్ట్రంలో పెద్ద పెద్ద శిల్పాలని ఆరుబయట పెట్టిన చోటు. న్యూజెర్సీ నుంచి అక్కడికి వెళ్లే మనవాళ్లలో చాలామంది ప్లాన్ ఇలా ఉంటుంది, పొద్దున వుడ్‌బరీ కామన్ అవుట్‌లెట్స్‌లో షాపింగ్, మధ్యాహ్నం తిన్నాక ఓ రెండు గంటలు స్టార్మ్ కింగ్, తిరుగు దారిలో బేర్ మౌంటెన్ పార్క్. దయచేసి అలా చెయ్యకండి. స్టార్మ్ కింగ్ 500 ఎకరాల జాగా అండీ, ఎడిసన్ నుంచి ట్రాఫిక్ లేకపోతే గంటన్నర డ్రైవ్, అంత దూరం వెళ్లి రెండు గంటల్లో చూసేస్తే పార్కింగ్ దగ్గరున్న నాలుగు శిల్పాలు తప్ప ఏమీ చూసినట్టు కాదు.

ఈ చోటు 1960లో మొదలైంది. రాల్ఫ్ ఆగ్డెన్ అని, బోల్టులు, స్క్రూల లాంటివి చేసే కంపెనీ ఆయనది, తన అల్లుడు పీటర్ స్టెర్న్‌తో కలిసి పెట్టారు. ముందు ఆ ప్రాంతం పెయింటింగ్స్‌కి మ్యూజియం కడదామనుకున్నారంట, తర్వాత 1967లో డేవిడ్ స్మిత్ అనే శిల్పి పనులు ఒకేసారి 13 కొనేసరికి మొత్తం కథ మారిపోయింది, బొమ్మల్ని గదుల్లో కాకుండా ఆరుబయట పెట్టాలనే ఆలోచన అక్కడి నుంచే బలపడింది. ఇంకో సంగతి, ఆ పక్క నుంచే వెళ్లే త్రూవే హైవే వేసేటప్పుడు కంకర కోసం ఇక్కడి నేలని బాగా తవ్వేశారు. ఆ గుంటల్ని పూడ్చి, మట్టి పోసి, గడ్డి వేసి, ఇప్పుడు మనం చూసే మిట్టపల్లాల్లో చాలావరకు మనుషులు మళ్లీ తయారుచేసినవే. చూస్తే ఎవరూ నమ్మరు.

లోపలికి వెళ్లగానే మ్యాప్ పట్టుకుని ఒక్కో నంబర్ వెతుక్కుంటూ పరుగెత్తొద్దు. ముందు కొండ మీదున్న పాత రాతి బంగళా దగ్గరికి ఎక్కండి, అక్కడి నుంచి కింద మైదానంలో మార్క్ డి సువేరో చేసిన పెద్ద పెద్ద ఇనప దూలాల బొమ్మలు కనబడతాయి, పై నుంచి ఏముందిలే అనిపిస్తాయి, కిందికి దిగి నడుస్తూ ఉంటే అవి పెరుగుతూ పెరుగుతూ చివరికి మెడ పూర్తిగా ఎత్తితే గానీ పైభాగం కనబడదు. పిరమిడియన్ అనే దాంట్లో మధ్యలో వేలాడే దూలం గాలికి మెల్లగా తిరుగుతుంది, అంత బరువు అలా కదలడం చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. కాల్డర్ చేసిన నల్లటి ఆర్చ్ 56 అడుగులు, దాని కింద నుంచి నడిచి వెళ్లాలి, పక్క నుంచి ఫోటో తీసుకుంటే సరిపోదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం గోడ. ఆండీ గోల్డ్స్‌వర్తీ కట్టించిన రాళ్ల గోడ, 2,278 అడుగులు, సిమెంటు లేదు, సున్నం లేదు, అక్కడే దొరికిన రాళ్లు పేర్చి కట్టారు. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ వెళ్లి చెరువులోకి దిగిపోయి అవతలి ఒడ్డున మళ్లీ పైకి లేస్తుంది. మా నాన్నగారికి ఈ మోడర్న్ ఆర్ట్ అంటే ఆసక్తి లేదు, కానీ ఆ గోడ దగ్గర వంగి, రెండు రాళ్ల సందు మీద మూడో రాయి ఎలా కూర్చోబెట్టారో వేలు పెట్టి చూపిస్తూ, మా ఊళ్లో చేల గట్లకి ఇలాగే పేర్చేవాళ్లురా అని చాలాసేపు చెప్పారు. ముట్టుకోకండి నాన్నా అని చెప్పాల్సొచ్చింది, ఎందుకంటే ఇక్కడ బొమ్మల్ని ముట్టుకోనివ్వరు.

పిల్లలు ఉంటే ఆ రూల్ కష్టమే, అందుకే నోగుచి చేసిన మోమో తారో దగ్గరికి తప్పకుండా తీసుకెళ్లండి. 40 టన్నుల గ్రానైట్, జపాన్ కథలో పీచ్ పండులోంచి పుట్టిన పిల్లాడి పేరు పెట్టారు, దీని మీద మాత్రం ఎక్కొచ్చు, తొలిచిన గుంటలో కూర్చుని మాట్లాడితే గొంతు గుండ్రంగా మోగుతుంది. మాయా లిన్ చేసిన వేవ్‌ఫీల్డ్ అయితే గడ్డితోనే ఏడు వరసల అలలు, 10 నుంచి 15 అడుగుల ఎత్తు, పాత కంకర గుంట ఉన్న చోటే చేశారు. గడ్డి పాడవకుండా దాని మీద నడవనివ్వకపోవచ్చు, అంచు నుంచి చూసినా చాలు, సాయంత్రం నీడలు పొడుగయ్యాక వెళ్తే అలలు ఇంకా బాగా తెలుస్తాయి. జాంగ్ హ్వాన్ చేసిన మూడు కాళ్ల బుద్ధుడి ముందు అమ్మ మాత్రం కాస్త ఇబ్బంది పడింది, కాళ్లేమిటి, పాదం కింద ఆ తలకాయేమిటి అని. టిబెట్‌లో పగలగొట్టిన బుద్ధ విగ్రహాల ముక్కలు చూసి చేశాడని చెప్పాక ఏమీ అనలేదు, ఇంకోసారి చుట్టూ తిరిగి చూసింది.

ట్రామ్ తిరుగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే దిక్కు, కానీ వీకెండ్‌లో దానికోసం కాసేపు ఎదురుచూడాలి. సైకిళ్లు అద్దెకిస్తారు. కేఫ్ ఉంది గానీ వెజిటేరియన్లకి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం నయం, పిక్నిక్ బల్లలున్నాయి, ఎవరూ ఏమనరు. పొడుగు గడ్డిలోకి దిగకండి, టిక్స్ అనే రక్తం పీల్చే చిన్న పురుగులు ఉంటాయి, ఫుల్ ప్యాంట్ వేసుకుని ఇంటికొచ్చాక పిల్లల కాళ్లు, మెడ చూడండి.

రాత్రి ఉండాలంటే న్యూబర్గ్ వైపు హైవే పక్క హోటళ్లు చవక, పార్కింగ్ ఈజీ, కానీ సాయంత్రం బయటికొచ్చి నడవడానికి ఏమీ ఉండదు. మేమున్న ఒక దాంట్లో బ్రేక్‌ఫాస్ట్ ఉందని రాసి, తీరా వెళ్తే ప్యాకెట్ మఫిన్ చేతిలో పెట్టారు, రిజర్వ్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి. హడ్సన్ నది మీద బ్రిడ్జి దాటి బీకన్ ఊళ్లో ఉంటే రేటు ఎక్కువే, అయినా నా ఓటు దానికే, మెయిన్ స్ట్రీట్‌లో తిండి బాగుంటుంది, పైగా మర్నాడు డియా బీకన్ చూడొచ్చు, నబిస్కో అనే బిస్కెట్ కంపెనీ పాత డబ్బాల ఫ్యాక్టరీని 2003లో మ్యూజియం చేశారు. కారు లేనివాళ్లు వెళ్లేటప్పుడే తిరుగు రైడ్ కూడా మాట్లాడుకోవాలి.

అస్సలు నడవలేని పెద్దవాళ్లయితే స్టార్మ్ కింగ్ బదులు న్యూజెర్సీలోనే హామిల్టన్‌లో ఉన్న గ్రౌండ్స్ ఫర్ స్కల్ప్చర్ అనే శిల్పాల తోటకి తీసుకెళ్లండి. 42 ఎకరాలే, దారులు చదునుగా ఉంటాయి, సీవర్డ్ జాన్సన్ చేసిన మనుషుల బొమ్మలు కాబట్టి ఇదేమిటి అని ఎవరూ అడగరు, నెమళ్లు తిరుగుతుంటాయి, రాబిన్స్‌విల్ అక్షరధామ్ కూడా దగ్గరే. అక్కడ రెండూ ఒకే రోజు హాయిగా అవుతాయి.

స్టార్మ్ కింగ్ చలికాలం మూసేస్తారు, మంగళవారాలు సెలవు, టికెట్ టైమ్ స్లాట్‌తో ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అక్టోబర్ ఆకుల రంగులప్పుడు శని, ఆదివారాల టికెట్లు చాలా ముందే అయిపోతాయి, కుదిరితే ఒక శుక్రవారం సెలవు పెట్టి పొద్దున మొదటి స్లాటే తీసుకోండి.