నార్వే జాలరి స్వెటర్: ఏళ్ళ తరబడి వేసుకున్నాక రాస్తున్న రివ్యూ

నార్వేలో మేముండే స్టావెంగర్ ఊళ్ళో చలికాలం అంటే మంచు కాదు, పక్కనుంచి కొట్టే వాన, దానికి తోడు సముద్రపు గాలి. ఇక్కడ నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడిన బట్ట ఇస్లెండర్ రకం స్వెటర్. ముదురు నీలం మీద తెల్ల చుక్కలుంటాయి, నార్వే తీరంలో చేపల వేటకెళ్ళేవాళ్ళు తరాలుగా వేసుకుంటున్నదే. నాది ఒక చిన్న కంపెనీది, పూర్తిగా నార్వే గొర్రెల ఉన్ని. ఉన్ని బట్టల మీద కొన్న వారానికే రాసే రివ్యూలు పెద్దగా పనికిరావు, అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

ముందు చెడ్డ విషయం చెప్తా. గుచ్చుతుంది. మొదటి చలికాలమంతా మెడ దగ్గర దురదే, లోపల కాలర్ చొక్కా ఉంటే తప్ప వేసుకోలేకపోయాను. తర్వాత కాస్త మెత్తబడింది గానీ పూర్తిగా పోలేదు, పోదు కూడా, ఎందుకంటే ఇక్కడి గొర్రె ఉన్ని పోగు మెరీనో (సన్నటి, మెత్తటి ఉన్ని రకం) కంటే లావు. కానీ ఆ మొరటుతనమే దాన్ని అరగనివ్వదు. నా మెరీనో స్వెటర్ మోచేతుల దగ్గర ఎప్పుడో చిల్లులు పడింది, దీనికి ఒక చేతి అంచు ఊడితే రఫ్ఫు చేయించాను, అంతే.

చుక్కలు అందం కోసమే అనుకుంటాం కదా, కాదు. తెల్ల దారం చుక్క లేనిచోట వెనకవైపు సాగుతుంది కాబట్టి బట్ట రెండు పొరల దళసరి అవుతుంది, మధ్యలో గాలి నిలుస్తుంది. (ఉంగరాలు పెట్టుకునేవాళ్ళు జాగ్రత్త, తొడుక్కునేటప్పుడు ఆ దారాలకి తగులుకుంటాయి.) పైగా ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. జల్లుకి ఇది చాలు, జోరువానకి మాత్రం పైన రెయిన్‌కోట్ ఉండాల్సిందే, బాగా తడిస్తే బరువెక్కిపోతుంది, మర్నాటికి కూడా ఆరదు. పొడి చలి ఉండే ఓస్లో వైపు వాళ్ళకి ఇంత అవసరమా అంటే నా లెక్కలో లేదు. ఆఫీసు హీటింగ్‌లో అయితే ఉడికిపోతాం.

దీని అసలు విలువ ఉత్తర నార్వేలోని లొఫోటెన్ దీవుల్లో తెలిసింది. అక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా కాడ్ చేపల్ని ఉప్పు లేకుండా చెక్క దండేల మీద గాలికి ఆరబెడతారు. చలి సున్నా దగ్గరే ఊగుతుంటుంది గానీ గాలి ఆగదు. ఆ దండేల కింద తిరిగి, రాత్రి మ్యోల్యే (ఉడికించిన కాడ్, దాని కాలేయం, చేప జన) తిని వచ్చాక స్వెటర్ ఎండుచేపల సంతలా వాసన కొట్టింది. ఉతకలేదు, రాత్రంతా వరండాలో వదిలేశాను, పోయింది. మా ఇంటి పోపు వాసనకీ, చేపల పులుసు వాసనకీ అదే మందు.

ఉతికితే చల్లటి నీళ్ళు, ఉన్ని సబ్బు, పరిచి ఆరబెట్టడం. హ్యాంగర్‌కి వేస్తే సాగుతుంది, వేడినీళ్ళలో రుద్దితే కుదించుకుపోతుంది. తమాషా ఏంటంటే పాతకాలం జాలర్లు చేతితొడుగుల్ని కావాలనే అలా చేసేవాళ్ళు: బాగా పెద్దవిగా అల్లి, రుద్ది రుద్ది కుదించి, గాలి దూరనంత చిక్కగా తయారుచేసుకునేవాళ్ళు. వేసవిలో పురుగు కొట్టకుండా కలరా ఉండల బదులు బిగుతుగా మూతేసిన డబ్బాలో పెడుతున్నా.

ఈ మధ్య హెర్రింగ్, రొయ్యలు, సార్డిన్ డబ్బాల బొమ్మలు అల్లిన స్వెటర్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. స్టావెంగర్ ఒకప్పుడు డబ్బా చేపలకి పేరుపడ్డ ఊరే, దానికో మ్యూజియం కూడా ఉంది, కాబట్టి ఆ బొమ్మలతో పేచీ లేదు. కానీ మా ఆవిడ ముచ్చటపడి తీసుకున్నది సగం అక్రిలిక్, ఒక్క సీజన్‌కే నూగు ఉండలు కట్టేసింది. బొమ్మ కాదు, లోపలి లేబుల్ చూడండి. "నార్వే డిజైన్" అంటే నార్వేలో తయారైందని కాదు. 1853లో నార్వేలోని ఓలెసున్ ఊళ్ళో మొదలైన స్వెటర్ల కంపెనీ డేవొల్డ్ కూడా ఇప్పుడు లిథువేనియాలో నేయిస్తోంది, అందులో తప్పేం లేదు, తెలుసుకుని కొంటే చాలు.

నా చుక్కల స్వెటర్ ధర 2,000 క్రోనర్లకి అటూ ఇటూ, మన డబ్బుల్లో 15,000 దాటుతుంది. చేతులు పొడుగు, మనవాళ్ళు ఒక సైజు తగ్గించి చూసుకోవాలి. ఫోటోలు చూసి మా నాన్న తనకీ ఒకటి కావాలన్నారు. లంబసింగి డిసెంబరు చలికైనా ఇది ఎక్కువే అని చెప్పి, ఒక ఉన్ని టోపీ పంపాను.