నెలల తరబడి నిలిపిన బండి: కార్బ్యురేటర్‌దా, ఎఫ్‌ఐదా?

లడఖ్‌లో చలికాలమంతా నిలిపినా, మన ఊళ్లో యజమాని లేక మూడు నెలలు పడి ఉన్నా, బండి లేవకపోతే చాలామంది సెల్ఫ్ నొక్కుతూనే ఉంటారు. దయచేసి ఆపండి, బ్యాటరీలో మిగిలిన ఛార్జ్ కూడా పోతుంది. ముందు అది ఏ రకం బండో చూడాలి: పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్ ఉన్నదా, కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్)దా అని. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్తవి చాలావరకు ఎఫ్‌ఐవే.

కార్బ్యురేటర్ బండిలో నా మొదటి అనుమానం పెట్రోల్ మీదే. కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలో మిగిలింది ఆవిరై, జిగురులాంటి మడ్డి కడుతుంది. ఐడిల్‌లో పెట్రోల్ అందించే పైలట్ జెట్ రంధ్రం చాలా సన్నం కాబట్టి అదే ముందు మూసుకుపోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను కూడా పీలుస్తుంది. ఇంజిన్ చల్లగా ఉండగా, ఆరుబయట, గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పాతది సీసాలోకి దింపండి. కొత్త పెట్రోల్ వదిలి, చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి కిక్ కొట్టండి. బ్యాటరీ నీరసించినా చాలా బళ్లు కిక్‌కి లేస్తాయి. చోక్ తీయగానే ఆగిపోతుంటే మాత్రం జెట్ కడగాల్సిందే.

ఎఫ్‌ఐ బండిలో బ్యాటరీతో మొదలుపెట్టాలి. ఇంజిన్‌కి పెట్రోల్ తోసే పంపుకీ, దాన్ని నడిపే కంప్యూటర్ ఈసీయూకీ కరెంటు కావాలి. కీ తిప్పగానే రెండు మూడు సెకన్లు పంపు జుయ్యిమనాలి. అనకపోతే కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్), ఫ్యూజు చూడండి. మల్టీమీటర్‌తో కొలిస్తే బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువుంటే ఛార్జింగ్ పెట్టండి. బ్యాటరీ పూర్తిగా చచ్చాక తోసి స్టార్ట్ చేయడం చాలావరకు వృథా శ్రమే.

నిలవ ఉంచడానికి నాకు ఎఫ్‌ఐయే నయం. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి వెళ్తే సగం బాధ ఉండదు.