హెచ్చరిక లేబులా, తప్పనిసరి ప్రమాణమా: ఏది మేలు?

ఒక వస్తువుతో ప్రమాదం ఉందని తేలితే ప్రభుత్వం రెండు పనులు చేయొచ్చు. ఆ సంగతి ప్యాకెట్ మీద రాయించి, కొనాలో వద్దో మనకే వదిలేయొచ్చు. లేదా ఆ ప్రమాదం లేకుండానే తయారు చేయాలని కంపెనీలకు ప్రమాణం పెట్టొచ్చు.

నా ఓటు ప్రమాణానికే. పాత ఫ్రిజ్‌లనే తీసుకోండి. తలుపు గడియ బయటి నుంచే తెరుచుకునేది. ఆడుకుంటూ లోపల దూరిన పిల్లలు బయటికి రాలేక, ఊపిరాడక చనిపోయారు. ఎంత పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాసినా లోపల చిక్కుకున్న నాలుగేళ్ల పిల్లాడికి అదేం పనికొస్తుంది? అమెరికా 1956లో చట్టం చేసి, తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకునేలా ఉండాలంది. ఆ గడియలు పోయి తలుపు అంచు రబ్బరులో అయస్కాంతం వచ్చింది. ఇక లోపలి నుంచి తోస్తే చాలు, తెరుచుకుంటుంది.

గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు విషయంలో రెండు పద్ధతులూ నడిచాయి. డెన్మార్క్ 2003లో నూనెలు, కొవ్వుల్లో 100 గ్రాములకు 2 గ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. అమెరికా 2006 నుంచి లేబుల్ మీద వేయమంది. కానీ ఒక్కసారి తినే మోతాదులో అర గ్రాము కంటే తక్కువుంటే సున్నా అని వేసుకోవచ్చు! అలాంటివి రోజుకి నాలుగైదు తిన్నవాళ్లకు లెక్క ఎలా తెలుస్తుంది? చివరికి అమెరికా కూడా 2015లో ఆ కొవ్వుకు ప్రధాన మూలమైన నూనెలనే ఆహారంలో వాడొద్దని నిర్ణయించింది.

అలాగని లేబుల్‌ని తీసిపారేయలేం. వేరుశనగ పడనివాళ్ల కోసం వేరుశనగనే నిషేధిస్తామా? వాళ్లకు ఆ చిన్న అక్షరాలే ప్రాణాలు కాపాడతాయి. కాకపోతే అన్నిటి మీదా హెచ్చరిక వేస్తే ఎవరూ చదవరు. కాలిఫోర్నియాలో హానికర రసాయనాల గురించి హెచ్చరించాలన్న 1986 నాటి చట్టంతో హెచ్చరికలు ఎక్కడపడితే అక్కడ కనిపించడం మొదలై, జనం పట్టించుకోవడం మానేశారన్న విమర్శ వచ్చింది.

అమ్మేశాక ప్రమాదం బయటపడితే మాత్రం సమాచారం వెంటనే బయటికి రావాలి. యూరప్‌లో ప్రమాదకరమైన వస్తువుల వివరాలను ఫొటోతో సహా ఆన్‌లైన్‌లో అందరికీ పెడతారు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ కంపెనీ పేరు బయటపెట్టాలంటే సాధారణంగా 15 రోజుల ముందు ఆ కంపెనీకి చెప్పాలి. తప్పుడు ఆరోపణతో కంపెనీ నష్టపోకూడదన్న మాట న్యాయమే. కానీ ఆలోగా ఆ వస్తువు పిల్లలున్న ఇళ్లలో వాడుతూనే ఉంటారు. ఈ ఒక్కచోట నేను యూరప్ పద్ధతి వైపే.