కెల్టిక్ హార్పు, ఒక గొంతు: పదకొండు క్రిస్మస్‌ల తర్వాత

ఐర్లండులో స్థిరపడిన రెండో ఏడాది నేను 34 తీగల కెల్టిక్ హార్పు (నిలువు తీగలను వేళ్లతో మీటే వాద్యం) ఒకటి కొనుక్కున్నాను. అప్పటి నుంచి పదకొండు క్రిస్మస్‌లకు మా అక్క పాడగా నేను దాని మీద వాయించాను. వాటిలో నాలుగు మా పేటలోని రాతి చర్చిలో జరిగాయి, మిగిలినవి ఇంట్లోనే. కొన్న కొత్తలో ఈ సమీక్ష రాసి ఉంటే దాని నాదమాధుర్యం గురించి మాత్రమే రాసేవాణ్ని. ఇన్నేళ్ల తర్వాత చెప్పవలసినది మరొకటి ఉంది: ఈ వాద్యానికి గట్టి హద్దులున్నాయి, ఆ హద్దుల్లో ఒదిగే పాత పాటలను ఎంచుకున్నప్పుడు మాత్రం ఒంటి గొంతుకు ఇంతకంటే మంచి తోడు నాకు తారసపడలేదు.

పెద్ద కచేరీ హార్పుకు ఏడు పెడళ్లు ఉంటాయి. ఒక పెడల్ నొక్కితే ఆ పేరుగల తీగలన్నీ ఒకేసారి శ్రుతి మారతాయి. కెల్టిక్ హార్పుకు ఆ సౌకర్యం లేదు. ప్రతి తీగకూ పైభాగంలో ఒక చిన్న లీవరు ఉంటుంది, దాన్ని ఎత్తితే ఆ ఒక్క తీగ అర స్వరం పెరుగుతుంది. ఎత్తడానికి ఎడమ చేయి వాయించడం ఆపి పైకి వెళ్లాలి. అందుకని పాట మొదలుపెట్టే ముందే లీవర్లన్నీ సరిచూసుకోవాలి, అంటే మేళకర్తను (పాటకు ఆధారమైన ఏడు స్వరాల వరుసను) ముందే నిర్ణయించుకున్నట్టు. తీగను లాగి గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) పలికించే వీలు కూడా లేదు. ఆ పని పాడేవారే చేయాలి, అక్క చేస్తుంది. మా ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చు వేసి ఉండటం చూసి పెరిగినందువల్ల కావచ్చు, ఈ పద్ధతి మాకు త్వరగానే పట్టుబడింది.

ఈ హార్పుకు అన్నిటికంటే బాగా అమరిన పాట ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ జిల్లా పేరుతో ఉన్న వెక్స్‌ఫర్డ్ కారల్ (కారల్ అంటే క్రిస్మస్ పాట). ఆ జిల్లాలోని ఎన్నిస్కార్తి పట్టణంలో ఆర్గన్ వాయించిన గ్రాటన్ ఫ్లడ్ దాన్ని సేకరించగా, 1928లో ఆక్స్‌ఫర్డ్ కారల్స్ సంకలనంలో అచ్చయి లోకానికి చేరింది. మేము పాడే రూపం మొత్తం కైశికి నిషాదంతోనే (అర స్వరం తగ్గిన 'ని'తోనే) నడుస్తుంది, మన చెవికి అది హరికాంభోజి రాగపు స్వరాల వరుస. లీవర్లన్నీ దించి ఉంచినప్పుడు నా హార్పు ఈ-ఫ్లాట్ మేజర్ అనే పాశ్చాత్య స్వరాల వరుసలో ఉంటుంది. అక్క అందులోని బి-ఫ్లాట్ స్వరాన్ని షడ్జమంగా ('స'గా) పట్టుకుంటే ఒక్క లీవరు కూడా కదపకుండా పాట మొదటి నుంచి చివరి దాకా సాగిపోతుంది. మంద్రంలో షడ్జమ పంచమాలను తంబురాలాగా నెమ్మదిగా మోగిస్తూ, చరణాల మధ్య మాత్రమే కుడి చేతితో వరుసను వాయిస్తాను. మొదటి రెండేళ్లు ప్రతి మాట కిందా తీగలు మోగించి పాటను కప్పేశాను. తగ్గించిన కొద్దీ పాట తేటపడింది. ఈ ఒక్క పాట కోసమైనా ఈ హార్పును కొనవచ్చునని నా నమ్మకం.

కోవెంట్రీ కారల్ కథ వేరు. హేరోదు రాజు చంపించబోతున్న పసిబిడ్డలకు బేత్లెహేము తల్లులు పాడే జోలపాట అది. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో దర్జీలు, ఉన్ని కత్తిరించేవారు ఆడిన నాటకంలోనిది, బాణీ 1591లో రాసిపెట్టినది. పాట అంతా సాధారణ గాంధారంతో సాగి, ముగింపు స్వరసంపుటిలో (కలిపి మోగించే స్వరాల్లో) దానికంటే అర స్వరం ఎక్కువైన అంతర గాంధారం వినిపిస్తుంది. అంత దుఃఖం మీద ఆ ఒక్క క్షణం వెలుగు పడినట్టుంటుంది. దానికోసం బి తీగ లీవరు ఎత్తాలి, వెంటనే తర్వాతి చరణానికి దించాలి. ఈ మార్పు చప్పుడు లేకుండా చేయడానికి నాకు మూడు శీతాకాలాలు పట్టింది. నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో లీవరు టక్కుమంటే ఆ క్షణం పాడైపోతుంది. కొనేవారు దుకాణంలోనే లీవర్లు ఒక్కొక్కటిగా ఎత్తి దించి చప్పుడు వినాలి. ఎత్తిన తీగ శ్రుతి సరిగ్గా అర స్వరమే పెరిగిందో లేదో కూడా చూసుకోవాలి.

సైలెంట్ నైట్ 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో గిటారుతోనే మొదట పాడిన పాట కనుక హార్పుకు సహజంగానే ఒదుగుతుంది. దాని వరుస స్థాయిన్నరకు కొంచెం తక్కువగా విస్తరిస్తుంది, కాబట్టి పాడేవారి గొంతును బట్టి శ్రుతి ఎంచుకోవాలి. వేల్స్ బాణీకి 1862లో ఇంగ్లీషు మాటలు కట్టిన డెక్ ద హాల్స్ మాత్రం మాకు కుదరలేదు. ఒకచోట 'ప్రతి మధ్యమం' అనే అర స్వరం పెరిగిన 'మ' వచ్చి వెళుతుంది, దానికి మధ్యలో లీవరు కదపాలి, పైగా వేగంగా వాయిస్తే ముందు స్వరాలు ఆగకుండా మోగుతూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, వాటిని అరచేతితో ఆపుతూ ఉండాలి. అడుగడుగునా స్వరాలు మారే 19వ శతాబ్దపు కీర్తనలను ఆర్గన్‌కు వదిలిపెట్టడమే మేలు.

అమ్మేవారు ఈ హార్పును అతి ప్రాచీన వాద్యంగా చెబుతారు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న మధ్యయుగపు హార్పు రకానికి లోహపు తీగలుండేవి, గోళ్లతో వాయించేవారు. 1792లో బెల్‌ఫాస్ట్‌లో చేరిన చివరితరం హార్పిస్టుల వరుసలను సంగీతకారుడు ఎడ్వర్డ్ బంటింగ్ రాసుకున్నప్పటికే ఆ పరంపర ఆరిపోతూ ఉంది. నాది నైలాన్ తీగలది, వేలి కొసలతో వాయించేది, ఆధునిక కాలపు తయారీ. దాని నాదం మెత్తన. జోలపాటలకు ఆ మెత్తదనమే కావాలి, అందుకు నాకు చింత లేదు. మన బైబిలులో 33వ కీర్తన చెప్పే సితారా, పది తంతుల స్వరమండలం ఎలా మోగేవో గాని, ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు ఇప్పుడు ఈ హార్పే చెవిలో పలుకుతుంది.

నిర్వహణ భారం తక్కువేమీ కాదు. డిసెంబరులో ఇంట్లో హీటింగ్ వేస్తే గాలి పొడిబారి శ్రుతి జారుతుంది, అక్కడి నుంచి చల్లని చర్చికి తీసుకెళ్తే మళ్లీ మారుతుంది. అందుకని పాడే సమయానికి గంట ముందే అక్కడికి చేర్చి, చివరి పావుగంటలో మాత్రమే శ్రుతి చేస్తాను. కొత్త తీగ కుదురుకోవడానికి రెండు వారాలైనా పడుతుంది, కనుక డిసెంబరులో తీగలు మార్చను. ఒక ఏడాది క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు తీగ తెగితే, నేను తెప్పించుకున్న దుకాణం వేరే మందం తీగ పంపింది. ఆ క్రిస్మస్ రాత్రి కోవెంట్రీ కారల్ పాడలేకపోయాము, అక్క చాలా బాధపడింది. అప్పటి నుంచి పూర్తి తీగల సెట్టు ఒకటి ఇంట్లోనే ఉంచుతున్నాను.

ఎత్తిన లీవరు తీగను నొక్కే చోటే తీగ అరుగుతుంది. మధ్య స్థాయిలోని బి తీగను ఈ పదకొండేళ్లలో నాలుగుసార్లు మార్చాను. దాని పక్క తీగలు కొన్ననాటివే ఇంకా ఉన్నాయి.