శంకువుతో ఉత్తరం: ఆరేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

హైదరాబాదు శివారులో మాకు కొంచెం పొలం ఉంది. కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో పూర్వకాలపు నిలువురాళ్ల మధ్య ఒక సాయంత్రం గడిపి వచ్చాక, మా పొలంలోనూ 12 రాళ్ల వలయం వేయాలని పట్టుబట్టాను. 20 అడుగుల వ్యాసార్ధం. అది 2019.

మొదట ఫోన్‌లో దిక్సూచి చూసి రాళ్లు నాటించాను. సెప్టెంబరు 23న సూర్యుడు నేరుగా తూర్పున లేవాలి. ఆ పొద్దున వలయం మధ్యలో నిలబడితే, సూర్యుడు తూర్పు రాయి వెనక నుంచి కాకుండా దానికి ఎడమ పక్కన లేచాడు. ప్రాణం ఉసూరుమంది. కొలిస్తే తేడా దాదాపు 5 డిగ్రీలు, అంటే రాయి దగ్గర అడుగు ముప్పావు. అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా సుమారు ఒక డిగ్రీయే. (సియాటిల్ వైపు ఉండే మనవాళ్లకి అది 15 డిగ్రీల దాకా ఉంటుంది, జాగ్రత్త.) మరి మిగతాది ఎక్కడిది? మేస్త్రీ గడ్డపార పక్కన ఆనించగానే ముల్లు జరగడం తర్వాత కళ్లారా చూశాను. రాళ్ల పని దగ్గర ఇనుము లేకుండా ఎలా ఉంటుంది?

ఆ డిసెంబరులో శంకువు, అంటే నీడ చూడటానికి నిటారుగా నాటే కర్ర, పట్టుకున్నాను. వేదికల కొలతలు చెప్పే పాత గ్రంథం కాత్యాయన శుల్బసూత్రంలో యజ్ఞవేదిక కోసం చెప్పిన పద్ధతే. నేల చదును చేసి, నీళ్లు పోసి మట్టం చూసుకుని, మూడడుగుల కర్రని తూకం గుండుతో నిటారుగా నాటాలి. దాని చుట్టూ పురికొసతో మూడున్నర, నాలుగు, నాలుగున్నర అడుగుల వృత్తాలు గీయాలి. పొద్దున నీడ కొస ఒక్కో వృత్తాన్ని తాకి లోపలికి వెళ్లే చోట ఒక మేకు, మధ్యాహ్నం తర్వాత బయటికి వచ్చే చోట ఇంకో మేకు. ఒకే వృత్తం మీది రెండు మేకులని కలిపితే తూర్పు పడమరలు. ఆ గీత నడిమి నుంచి కర్ర మొదలుకి దారం లాగితే ఉత్తర దక్షిణాలు. మూడు వృత్తాలు ఎందుకంటే, మబ్బు పట్టి ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది.

ఇబ్బంది అంతా నీడ కొసతోనే. అంచు మసకగా ఉంటుంది, ఎక్కడ మేకు కొట్టాలో తెలియదు. కర్ర కొసకి చిన్న వాషర్ బిగించాక ఆ బాధ పోయింది. నీడ మధ్యలో చిన్న వెలుగుచుక్క పడుతుంది, దాని మీదే మేకు.

గడియారంలో 12 కొట్టగానే నీడ చూసి ఉత్తరం అనుకోకండి. హైదరాబాదులో నడిపొద్దు (సూర్యుడు అన్నిటికన్నా ఎత్తులో ఉండే వేళ) నవంబరు మొదట్లో 12 గంటలకి వస్తే, ఫిబ్రవరి మధ్యలో 12:30కి వస్తుంది. మే 9న, ఆగస్టు 3న అయితే ఆ వేళకి నీడే ఉండదు. డిసెంబరు చివరి వారాలే హాయి: నీడ పొడుగు, ఆకాశం తేట.

అవే వారాల్లో రాత్రి 9 ప్రాంతంలో ధ్రువనక్షత్రం సరిగ్గా ఉత్తర రేఖ మీదికి వస్తుంది. రెండు గుండు దారాలు వేలాడదీసి సరిచూస్తాను. మిగతా వేళల్లో అది పక్కకి జరిగి, 20 అడుగుల దగ్గర మూడు అంగుళాల దాకా తప్పు చూపగలదు. మనకి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఉత్తరాన చెట్లుంటే ఇక కనపడదు.

ఇంగ్లండ్ వలయాల ప్లాన్లు తెచ్చి జూన్ 21 సూర్యోదయపు రాయి పెట్టకండి. స్టోన్‌హెంజ్ దగ్గర ఆ రోజు సూర్యుడు తూర్పుకి దాదాపు 40 డిగ్రీలు ఉత్తరంగా లేస్తాడు, మన దగ్గర 25 డిగ్రీలే. నేను ఆ రాయిని విడిగా నాటాను. మొదటి రెండేళ్లు జూన్ 21న మబ్బే. మూడో ఏడు మా అమ్మని కూడా తీసుకెళ్లాను. రాయి కొస మీద ఎర్రగా అంచు కనపడగానే ఆవిడ చేతులు జోడించింది.